వీర్యం వచ్చే క్యానులో టీకా ఎందుకు రాదు?

సంకరజాతి ఆవు చచ్చిన ప్రతిసారీ మనకు ఒకటే పాఠం చెప్తారు. కొట్టం శుభ్రంగా పెట్టుకోలేదట. గోమార్లు పట్టినా చూసుకోలేదట. జ్వరం వచ్చిన మూడు రోజులకు గానీ ఆస్పత్రికి తోలుకురాలేదట. అంటే తప్పంతా రైతుదే. ఈ మాటల్లో పావలా వంతు నిజం ఉంది, కాదనను. మిగతా ముప్పావలా ఎవరి లెక్కలో రాయాలో తేల్చుకోవాలి కదా. ఆ లెక్క కోసమే ఇది రాస్తున్నాను.

నేను చెప్పేది థైలేరియా జబ్బు గురించి. పేరు కొత్తగా ఉన్నా జబ్బు మనకు కొత్త కాదు. వానలు మొదలై ఉక్కపోత పెరిగిందంటే జెర్సీ, హెచ్.ఎఫ్. ఆవులున్న ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తుంది. జ్వరం 104 నుంచి 106 డిగ్రీల దాకా పోతుంది. జబ్బ ముందర, చెవి కింద బిళ్ళలు కడతాయి. కళ్ళ వెంట నీళ్ళు, ముక్కు వెంట చీమిడి. పూటకు పది లీటర్లిచ్చే ఆవు చెంబు పాలకు దిగుతుంది. వారం తిరిగేసరికి కంటి రెప్ప తిప్పి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంటుంది, కొన్నిటికి పసుపు తిరుగుతుంది. ఆ తర్వాత ఆవు లేవదు. చిన్న దూడలైతే అన్ని రోజులు కూడా ఆగవు.

ఒంట్లో ఏం జరుగుతోందో తెలిస్తే మనల్ని ఎక్కడ మోసం చేస్తున్నారో తెలుస్తుంది. అందుకే కాస్త ఓపికగా చదవండి. రక్తంలో ఎర్ర కణాలు గాలిని మోస్తాయి. తెల్ల కణాలు కాపలా కాస్తాయి. కాపలాలో కూడా రకాలున్నాయి. పుండు పడగానే ముందు పరుగెత్తేవి న్యూట్రోఫిల్స్. చీము అంటే చాలామటుకు చచ్చిన న్యూట్రోఫిల్సే. సూక్ష్మజీవుల్ని మింగేసేవి మాక్రోఫేజులు. ఒకసారి వచ్చిన శత్రువును గుర్తు పెట్టుకుని రెండోసారి తయారుగా ఉండేవి లింఫోసైట్లు. మనం టీకా వేయించేది ఈ లింఫోసైట్ల జ్ఞాపకం మీద నమ్మకంతోనే. అవి గుంపు కూడే చోట్లే ఆ బిళ్ళలు.

థైలేరియా పరాన్నజీవి చేసే పని ఏమిటంటే, సరిగ్గా ఈ కాపలా కణాల్లోకే దూరుతుంది. మాక్రోఫేజుల్లో, లింఫోసైట్లలో కాపురం పెడుతుంది. మింగాల్సిన కణం దాన్ని మింగలేదు. పైగా ఆ కణం మతి తప్పినట్టు ఆగకుండా రెండు, నాలుగు, ఎనిమిదిగా చీలుతూ పోతుంది, అచ్చం క్యాన్సర్ కణం మాదిరి. కణం చీలినప్పుడల్లా లోపలి పరాన్నజీవి కూడా చీలి, రెండు పిల్ల కణాల్లోనూ వాటా తీసుకుంటుంది. బిళ్ళలు ఉబ్బేది ఇందుకే. విచిత్రమేమంటే, మందుతో లోపలి పరాన్నజీవిని చంపితే ఆ కణం చీలడం మానేస్తుంది. క్యాన్సర్ లా మారి మళ్ళీ మామూలు దారికి వచ్చే ఈ కణం ఏమిటా అని దేశదేశాల శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి పరిశోధన చేస్తున్నారు. మనకు కావలసింది అందులో ఒక్క ముక్కే. తెల్ల కణాల్లో ఉన్నప్పుడే మందు పడాలి. అక్కణ్ణుంచి ఎర్ర కణాల్లోకి పాకి, రక్తం విరిగిపోయాక ఎంత ఖరీదైన మందు వేసినా ఆవు దక్కడం కష్టం.

మరి నాటు ఆవు ఎందుకు చావదు? దానికీ గోమార్లు పడతాయి, దానికీ ఈ జబ్బు తగులుతుంది. కానీ వేల ఏళ్ళుగా ఈ గోమారితోనే బతికిన జాతి అది. రెండు రోజులు మేత మానేసి మళ్ళీ లేస్తుంది. సాహివాల్ దూడలకు, హోల్‌స్టీన్ దూడలకు ఒకే మోతాదులో ఈ పరాన్నజీవిని ఎక్కించి చూసిన ప్రయోగాల్లో సాహివాల్ దూడలకు జ్వరమూ తక్కువే, నష్టమూ తక్కువే. హోల్‌స్టీన్ దూడలే పడిపోయాయి. గోమారి లేని చలిదేశంలో పుట్టిన జాతిని గోమార్ల దేశానికి తెస్తే ఏమవుతుందో ఇది తేలిన సంగతి. తెచ్చిన వాళ్ళకు ఇది తెలియదని ఎవరూ అనలేరు.

తెచ్చింది ఎవరు? నా తాత తేలేదు. చలిదేశపు ఎద్దుల వీర్యాన్ని ఊరూరికీ పంపింది ప్రభుత్వం. అప్పిచ్చింది బ్యాంకు. వెన్న శాతం ఒకటైతే చాలు, లీటర్లు ఎక్కువ కావాలని ప్రోత్సహించింది డెయిరీలు. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద విదేశీ, సంకరజాతి ఆవులు సుమారు 5 కోట్లు. 2012తో పోలిస్తే నాలుగో వంతుకు పైగా పెరిగాయి. అదే కాలంలో నాటు పశువులు 6 శాతం తగ్గాయి. ఇది రైతు ఒక్కడు మనసుపడి చేసుకున్న మార్పు కాదు. ఇంటింటికీ వచ్చి చేయించిన మార్పు.

2019 సెప్టెంబర్ 11న మథురలో ప్రధానమంత్రి రెండు పథకాలు ఒకే రోజు ప్రారంభించారు. ఒకటి జాతీయ పశు వ్యాధుల నియంత్రణ కార్యక్రమం. గాలికుంటు, బ్రూసెల్లా ఈ రెండు జబ్బుల టీకాలు అందులో ఉన్నాయి. రెండోది దేశవ్యాప్త కృత్రిమ గర్భధారణ కార్యక్రమం. ఇంటి ముందుకే వచ్చి ఉచితంగా ఎద సూది వేస్తారు. రెండూ మంచివే. గాలికుంటు టీకాను నేను తప్పుపట్టను, ఆరు నెలలకోసారి మా ఊళ్ళో అందరం వరసగా కట్టేసి వేయిస్తున్నాం. కానీ ఒక చేత్తో సంకరజాతి దూడలు పెంచే పథకం పెట్టి, రెండో చేత్తో పెట్టిన జబ్బుల జాబితాలో ఆ దూడను చంపే జబ్బు పేరే లేకపోతే దాన్ని ఏమనాలి?

టీకా లేదా అంటే, ఉంది. ఎక్కడో విదేశంలో కాదు. జాతీయ పాడి అభివృద్ధి మండలి 1982లో హైదరాబాదులో పెట్టిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ దాన్ని తయారు చేసింది. పేరు రక్షావ్యాక్-టి. థైలేరియా సోకిన తెల్ల కణాలనే ప్రయోగశాలలో చాలాకాలం పెంచి పెంచి, జబ్బు చేసే బలం పోయేదాకా మచ్చిక చేసి, ఆ బతికున్న కణాలనే టీకాగా ఇస్తారు. అవి బతికి ఉండాలి కాబట్టి మామూలు ఫ్రిజ్ లో పెడితే పనికిరాదు. ద్రవ నత్రజనిలో, అంటే సున్నాకు కింద 196 డిగ్రీల చలిలో పెట్టాలి.

పశువైద్యాధికారుల్ని అడిగితే చెప్పే కారణం ఇదే. "దాన్ని నత్రజనిలో పెట్టాలయ్యా, పల్లెలకు ఎట్లా తెచ్చేది?"

అయ్యా, గోపాలమిత్ర బండి వెనక కట్టుకుని తిరిగే క్యానులో ఉన్నదేమిటి? ద్రవ నత్రజని కాదా? వీర్యం స్ట్రాలు ఊరూరా ఏ చలిలో తిరుగుతున్నాయి? ఏళ్ళ తరబడి నత్రజని ట్యాంకర్లు జిల్లా కేంద్రానికి వస్తూనే ఉన్నాయి, అక్కణ్ణుంచి మండలాలకు క్యాన్లు పోతూనే ఉన్నాయి. జబ్బుకు లొంగే జాతిని తెచ్చే వీర్యం ఆ చలిలో ఊరిదాకా రాగలిగింది. అదే చలి కావలసిన టీకా మాత్రం రాలేదు. మా మండలం ఆస్పత్రిలో ఈ టీకా సీసా నేను ఇంతవరకు చూడలేదు. మీ మండలంలో చూసినవాళ్ళుంటే రాయండి, సంతోషిస్తాను.

ఇంకో కారణం చెప్తారు. సీసా ఒకసారి కరిగిస్తే వెంటనే వాడెయ్యాలి, ఒకటి రెండు దూడల కోసం సీసా విప్పితే మిగతాది పారబోయాలి అని. నిజమే. దానికి దారి లేదా? గాలికుంటుకు తేదీ ప్రకటించి, దండోరా వేసి, ఊరి పశువులన్నీ ఒకచోట నిలబెట్టగలిగినవాళ్ళు ఏడాదికి ఒక్కరోజు, గోమార్ల కాలానికి ముందు, మూడు నెలలు దాటిన సంకర దూడల్ని ఒకచోట చేర్చలేరా? చూడి ఆవులకు ఈ టీకా వేయరు. కాబట్టి దూడ వయసులోనే వేయాలి. ఎద సూది వేసిన ప్రతి ఆవు వివరం రిజిస్టరులో ఉంది, చెవి పోగు నంబరుతో సహా. ఏ ఇంట్లో ఎప్పుడు దూడ పుడుతుందో మనకంటే వాళ్ళ కంప్యూటరుకే బాగా తెలుసు.

డబ్బు సంగతీ చూద్దాం. కేంద్రం జాబితాలో లేని జబ్బుల కోసం రాష్ట్రాలు తమకు ముఖ్యమైనవి ఎంచుకుని టీకాలు వేయించే పద్దు ఒకటి ఉంది. అందులో కేంద్రం 60 వంతులు, రాష్ట్రం 40 వంతులు పెట్టుకోవాలి. ఆంధ్రప్రదేశ్ అయినా తెలంగాణ అయినా అడిగితే దారి ఉంది. 2022లో రాజస్థాన్, గుజరాత్ లలో ముద్దచర్మం జబ్బుతో ఆవులు కుప్పలుగా పడి టీవీల్లో కనిపిస్తే ప్రభుత్వాలు పరుగెత్తాయి. థైలేరియా అట్లా కుప్పగా చంపదు. ఈ వారం ఒక ఇంట్లో, వచ్చే వారం ఇంకో వీధిలో ఒక్కొక్కటిగా చంపుతుంది. కెమెరాకు అందదు. బ్యాంకు కిస్తీకి మాత్రం అందుతుంది.

ఇక వైద్యం. గోమార్లతో వచ్చే జ్వరాలు ముఖ్యంగా మూడు. థైలేరియాకు బ్యూపర్వాక్వోన్ కావాలి. రక్తమూత్రం పోయించే బబేసియాకు డైమినజీన్. అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్. ఒకదాని మందు ఇంకోదానికి సరిగ్గా పనిచేయదు. ఏ జబ్బో తేల్చడానికి కావలసింది ఒక గాజు పలక, చెవి నరం నుంచి ఒక చుక్క రక్తం, జీమ్సా రంగు, ఒక మైక్రోస్కోపు, ఒక గంట సమయం. బిళ్ళలోంచి సూదితో కాస్త ద్రవం తీసి చూస్తే ఇంకా తొందరగా దొరుకుతుంది. ఎర్ర కణాల్లోకి పోకముందే తెల్ల కణాల్లో నీలం చుక్కల ముద్దలు కనిపిస్తాయి. క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కోచ్ పేరే వాటికి పెట్టారు. అంటే ఇది నూరేళ్ళ నాటి పరీక్ష. రాకెట్ శాస్త్రం కాదు.

జరుగుతున్నదేమిటి? మొదటి రోజు జ్వరం సూది, టెట్రాసైక్లిన్ సూది. రెండో రోజు అదే. మూడో రోజు రక్తం పట్టే టానిక్కు. నాలుగో రోజుకు గానీ బ్యూపర్వాక్వోన్ రాసివ్వరు. అది మనమే కొనాలి. పెద్ద ఆవుకు 20 మిల్లీలీటర్లు, ఖర్చు వేలల్లో. అప్పటికి రోగం ఎర్ర కణాల్లో ఉంటుంది. మా పక్క ఊరి రైతు ఆవు ఇట్లాగే పోయింది, రెండో ఈత, ఇంటికి అన్నం పెట్టే ఆవు. రక్త పరీక్ష చేయలేదు కాబట్టి కాగితం మీద జబ్బు పేరు "జ్వరం" అని రాశారు. ఇన్సూరెన్సు వాళ్ళు ఆ కాగితం చూసి కారణం స్పష్టంగా లేదని తిప్పి పంపారు. పరీక్ష చేయనిది ఒకరు, నష్టపోయింది ఇంకొకరు.

పరీక్ష లేక కొందరు రైతులు ఆవు రక్తం సీసాలో పట్టుకుని టౌనులో మనుషుల ల్యాబుకు పోతున్నారు. అక్కడ మిషన్ మనిషి లెక్కలతో చదువుతుంది. మనిషి రక్తంలో న్యూట్రోఫిల్స్ ఎక్కువ, లింఫోసైట్లు తక్కువ. ఆవులో తిరగబడి ఉంటుంది, లింఫోసైట్లే ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న ఆవుకు కూడా "లింఫోసైట్లు అధికం" అని గుర్తు పెట్టి కాగితం చేతికిస్తారు. దాన్ని చూసి ఇంకో రెండు వేల రూపాయల మందులు. ఆవు తెల్ల కణాల మామూలు లెక్క మైక్రోలీటరుకు 4 వేల నుంచి 12 వేలు. ఈ అంకె చీటీ మీద రాసి కొట్టంలో అంటించుకోండి.

డెక్సా సూది గురించి కూడా ఒక మాట. జ్వరం గబుక్కున దిగి ఆవు మేత ముట్టిందంటే చాలు, వేసినవాడికి చేతి మంచి ఉందని పేరొస్తుంది. డెక్సామెథసోన్ స్టెరాయిడ్. తెల్ల కణాల పనిని అది అణిచేస్తుంది. న్యూట్రోఫిల్స్ రక్తనాళం గోడ పట్టుకుని పుండు దగ్గరకు దూకలేవు. కాపలా కణాల మీదే జబ్బు దాడి చేస్తున్నప్పుడు మనమే మిగిలిన కాపలాను నిద్రపుచ్చుతున్నాం. చూడి ఆవుకైతే చివరి నెలల్లో ఈసుకుపోతుంది. డాక్టరు చూసి, కారణం చెప్పి వేస్తే వేరు. సైకిల్ మీద వచ్చే సూదిగాడు వేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపండి.

న్యూట్రోఫిల్స్ గోడ దాటలేకపోవడం అన్నాను కదా, అది పుట్టుకతోనే వచ్చే జబ్బు కూడా ఒకటి ఉంది. అదీ వీర్యం స్ట్రాలోంచే వస్తుంది. బ్లాడ్ అంటారు. హోల్‌స్టీన్ జాతి జబ్బు. అమెరికాలో 1952లో పుట్టిన ఆస్‌బోర్న్‌డేల్ ఐవన్హో అనే ఎద్దు దగ్గర దీని మూలం తేలింది. దాని సంతతి ఎద్దులు పాలకు పేరుపడి వీర్యం ప్రపంచమంతా పోయింది, వీర్యంతో పాటు ఈ లోపమూ పోయింది. ఈ లోపంతో పుట్టిన దూడ రక్తంలో న్యూట్రోఫిల్స్ విపరీతంగా ఉంటాయి, కానీ ఒక్కటీ నాళం దాటి బయటకు రాదు. సైన్యం అంతా కోటలోనే, ఊరు తగలబడుతూనే. దూడకు నోట్లో పుండ్లు, వదలని దగ్గు, పారుడు, మానని గాయాలు. ఎదుగుదల ఉండదు. చాలామటుకు ఏడాది లోపలే పోతుంది. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ లోపం దాగి ఉంటేనే దూడకు వస్తుంది, అదీ నాలుగింట ఒక వంతు. పైకి వాళ్ళిద్దరూ ఆరోగ్యమే. 1992లో కారణమైన జన్యు లోపం దొరికింది, రక్తంతో పరీక్ష చేసి ఎద్దును ఏరివేయవచ్చు. మన దేశంలో కూడా వీర్య కేంద్రాల ఎద్దులకు ఈ పరీక్ష చేయాలని కేంద్ర ప్రభుత్వ నిబంధన ఉంది.

నిబంధన ఉంది సరే, మన ఆవుకు పడిన స్ట్రా ఏ ఎద్దుదో మనలో ఎందరికి తెలుసు? స్ట్రా మీద ఎద్దు నంబరు, కేంద్రం గుర్తు అచ్చు వేసి ఉంటుంది. సూది వేశాక ఖాళీ స్ట్రాను పారేస్తారు. ఇకమీదట పారెయ్యనివ్వకండి. నంబరు కార్డు మీద రాయించుకోండి, లేదా ఆ స్ట్రానే గోడ గూట్లో దాచండి. తండ్రీ కూతుళ్ళను కలిపే పొరపాటు కూడా దీనివల్లే ఆగుతుంది. ఏ కేంద్రానిదో తెలియని ప్రైవేటు క్యాను వస్తే "నంబరు చూపించన్నా" అని అడగండి. చూపించకపోతే వద్దనండి.

ఇదంతా విని మన సంఘంలోనే కొందరు అంటున్నారు, ఈ జెర్సీలు హెచ్.ఎఫ్.లు మనకొద్దు, నాటు ఆవులకు తిరిగి పోదాం అని. పుంగనూరు ఆవు పుట్టిన జిల్లా మాది, నాటు ఆవు మీద నాకు ప్రేమ తక్కువేం కాదు. కానీ అప్పు తీర్చాల్సిన ఆడమనిషికి, పూటకు రెండు లీటర్లిచ్చే ఆవును చూపించి సంస్కృతి గురించి ప్రసంగం చేయలేను. ఉన్న ఐదు కోట్ల ఆవుల్ని ఏం చేస్తారు? వాటిని కాపాడమని అడగడం నాటు జాతికి ద్రోహం కాదు. ఎద్దుల ఎంపికలో సాహివాల్, గిర్ రక్తం పాలు పెంచమని అడగండి, నేనూ మీతో వస్తాను.

మన వంతు పావలా అన్నాను కదా, అది మరిచిపోలేదు. ఈ జబ్బు మోసే గోమారి కొట్టం గోడ పగుళ్ళలో, రాళ్ళ సందుల్లో దాక్కుంటుంది. ఆవు ఒంటికి మందు కొట్టి గోడ వదిలేస్తే సగం పనే. పగుళ్ళు మట్టితోనో సిమెంటుతోనో మూయండి, సున్నం కొట్టండి. ఏళ్ళ తరబడి ఒకటే మందు కొడితే గోమార్లు దానికి అలవాటు పడతాయి, డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లకు చాలాచోట్ల లొంగడం లేదు. డాక్టరును అడిగి మందు మార్చండి. కొట్టంలో నాలుగు నాటు కోళ్ళు తిరిగితే అవి తినే గోమార్లకు లెక్క లేదు. అన్నిటికంటే ముఖ్యం, గోమారి కరవగానే జబ్బు ఎక్కదు. రెండు మూడు రోజులు పట్టుకుని రక్తం తాగాకే పరాన్నజీవి దాని లాలాజలంలో పక్వానికి వస్తుంది. కాబట్టి రోజూ పొదుగు, తొడల సందు, చెవుల్లో చెయ్యిపెట్టి చూసి ఏరితే చాలా జబ్బు ఆగుతుంది. ఏరినవి కిరోసిన్ లో వేయండి, వేళ్ళతో నలపొద్దు. ఈ జాతి గోమార్ల ద్వారానే మనిషికి కాంగో జ్వరం వస్తుంది, 2011లో గుజరాత్ లో మనుషులు చనిపోయారు. ఇంకొకటి, టీకాల రోజున ఒకే సూదితో వరసంతా పొడుస్తుంటే ఒప్పుకోకండి. అనాప్లాస్మా, తెల్ల కణాల క్యాన్సర్ తెచ్చే ల్యూకోసిస్ వైరస్ ఒక ఆవు రక్తం నుంచి ఇంకో ఆవుకు పోయే దారి ఆ సూదే.

ఇక సంఘం పని. ప్రతి మండల శాఖ సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టాలి. మా మండలంలో గత మూడేళ్ళలో థైలేరియా టీకా ఎన్ని మోతాదులు వచ్చాయి, ఎన్ని వేశారు? ఆస్పత్రిలో పనిచేసే మైక్రోస్కోపు, జీమ్సా రంగు ఉన్నాయా, గత ఏడాది ఎన్ని రక్తపు పలకలు చూశారు? బ్యూపర్వాక్వోన్ ఎన్ని సీసాలు సరఫరా అయ్యాయి? నత్రజని ఎన్ని లీటర్లు వచ్చింది, దేనికి వాడారు? ఈ నాలుగో ప్రశ్న వదలొద్దు. నత్రజని అంకె బయటికొస్తే పల్లెకు తేలేమన్న సాకు అక్కడికక్కడే పడిపోతుంది. 1962 అంబులెన్సు వచ్చినప్పుడు కూడా సూది వేయించుకుని పంపేయకండి. ఆంధ్రప్రదేశ్ లో 2022లో ఆ బండ్లను ప్రారంభించినప్పుడు లోపల మైక్రోస్కోపుతో చిన్న ల్యాబు ఉందని చెప్పారు. "సార్, ముందు పలక తీయండి, తర్వాత సూది" అని మర్యాదగానే అడగండి.

చచ్చిన ఆవుల లెక్క కూడా మనమే రాద్దాం. ఆవు చెవి పోగు నంబరు, ఎన్నో ఈత, జ్వరం మొదలైన తేదీ, బిళ్ళలు కట్టాయా లేదా, పరీక్ష చేశారా, ఏ మందు ఏ రోజు వేశారు, బ్యాంకు అప్పు ఎంత మిగిలింది. నోటు పుస్తకంలో ఒక్కో ఆవుకు ఒక్కో పేజీ. వచ్చే నెల జిల్లా సమావేశానికి ఆ పుస్తకాలు తెచ్చుకోండి, పశుసంవర్ధక శాఖ జాయింట్ డైరెక్టరు ఆఫీసుకు వాటితోనే పోదాం.